పటం చూసి మోసపోవద్దు, పటం లేక ఓడిపోవద్దు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశాల్లో మేము చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమానికి నినాదం ఎంత అవసరమో లెక్క కూడా అంతే అవసరం. ఆ లెక్కను జనం కళ్ల ముందు పెట్టేవి పటాలు, గ్రాఫులు. ఈ సంగతి మాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక ధర్నాలో వలసల పటం కట్టాం. ఎక్కువ మంది బెంగళూరు పోయిన మండలానికి ముదురు రంగు వేశాం. వినతిపత్రం తీసుకున్న అధికారి ఒక్కటే అడిగాడు: "జనం ఎక్కువున్న మండలంలో పోయేవాళ్లూ ఎక్కువే ఉంటారు కదా?" మా దగ్గర జవాబు లేదు. మా బాధ నిజం, పటం తప్పు.

ప్రాంతాలకు రంగుల ఛాయలు వేసే పటాన్ని కోరోప్లెత్ అంటారు. 1826లో ఫ్రాన్సులో చార్లెస్ డ్యుపాన్ బడిచదువుల తేడాలను ఇలాగే చూపాడు. దీనికి ఒక నియమం ఉంది. రంగు వేయాల్సింది సంఖ్యకు కాదు, రేటుకు. నూరు మందిలో ఎందరు వలస పోయారన్నదే రంగు కావాలి. ఉత్త సంఖ్య చూపాలంటే మండలానికొక వృత్తం గీసి, సంఖ్యను బట్టి దాని సైజు పెంచాలి.

రేటు కూడా సగటు మాటున దాక్కుంటుంది. 2011 జనగణనలో ఉమ్మడి అనంతపురం జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 213. లక్షన్నర జనమున్న హిందూపురం పట్టణానికీ, కొండల నడుమ పల్లెకూ అదే రంగు! పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. ఆ ఫ్యాక్టరీ విలువ జిల్లా ఆదాయంలో కలుస్తుంది. తలసరి ఆదాయ పటంలో జిల్లా రంగు ముదిరితే, పక్క ఊరి రైతు అప్పు తీరినట్టా?

అందుకే చుక్కల పటం కావాలి. ధర్మవరంలో యాభై మగ్గాలకొక చుక్క పెట్టండి. నేతన్నలు ఏ వీధుల్లో కిక్కిరిసి ఉన్నారో కనిపిస్తుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులను పటంలో వీధి వీధికీ గుర్తించాడు. ఆ గుర్తులన్నీ ఒక చేతిపంపు చుట్టూ మూగి కనిపించాయి. ఇక వలసకు సరైనది ప్రవాహ పటం. ఊరి నుంచి బెంగళూరుకు గీత గీసి, మనుషుల సంఖ్యను బట్టి దాని మందం పెంచాలి.

ఇప్పుడు కరువు మాట. ఒకే వర్షపాతమున్న చోట్లను కలిపేవి సమవర్షపాత రేఖలు. కానీ రెండు వానమానినుల నడుమ గీత అంచనాయే. కరువు ప్రకటన మండలం లెక్కన జరుగుతుంది. మండల కేంద్రంలో వాన పడి, పది మైళ్ల అవతలి ఊరు ఎండితే, ఆ ఊరు పటంలో పచ్చగానే ఉంటుంది!

ఏడాది మొత్తం కూడా మోసం చేస్తుంది. ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. మొత్తం సరిపోయినా, శెనక్కాయ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే పంట పోయినట్టే. అందుకే వారం వారం వానను కమ్మీ చిత్రంలో చూపాలి. ఏళ్ల తరబడి మార్పుకు రేఖా గ్రాఫు, మొత్తంలో వాటాకు వృత్త చిత్రం వాడాలి. కమ్మీలు సున్నా నుంచే మొదలు కావాలి. లేకుంటే చిన్న తేడా కొండంత కనిపిస్తుంది.

మరో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న మన మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. 2011 నాటి జిల్లా అంకెను నేటి జిల్లా అంకెతో నేరుగా పోల్చితే లెక్క తప్పుతుంది. మండలాల వారీగా విడదీసి మళ్లీ కూడాలి.

ఎవరు పటం చూపినా మూడు ప్రశ్నలు వేయండి. జిల్లాదా, మండలానిదా, ఊరిదా? దేనితో భాగించారు? ఏ ఏటి లెక్క? పాలకుల పటాన్నే కాదు, మన పటాన్నీ అడగండి.

విద్యార్థి మిత్రులు ఊరూరి లెక్క తీయండి. ఉద్యోగ మిత్రులు దాన్ని సరిచూడండి. రేపు వినతిపత్రం ఇచ్చేటప్పుడు అధికారి అడిగే ప్రశ్నకు జవాబు మన పటంలోనే ఉండాలి.