తోకకూరకు రోమ్‌లో పేరుంది

(బోయిగూడలో బస్తీ యువకుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బస్తీ పిల్లగాడొకడు ఇటాలియన్ వంట నేర్చుకొని షెఫ్ అయితనంటే ఇంట్లో నవ్విన్రట. "మన పొయ్యి మీద ఏముందిరా, ఇటలీ వంట నీకెందుకు" అన్నరట. ఆ మాట మీదనే నాలుగు ముచ్చట్లు చెప్పాలని మేము వచ్చినం.

బోయిగూడ పేరులోనే బోయీలున్నారు, పల్లకీ మోసినవాళ్లు. దగ్గర్లోనే కంటోన్మెంటు. అక్కడి దొరల బంగళాల్లో బట్లర్లుగా, వంటవాళ్లుగా బతికిన మనవాళ్లు ఎందరో. అగ్రవర్ణాలు వంటింటి గడప తొక్కనియ్యని చేతులే దొరలకు రొట్టె కాల్చినయి. పరాయి దేశం వంట మనకు కొత్తేం కాదు.

రోమ్ నగరంలో టెస్టాచో అనే పేట ఉంది. 1888-91 మధ్య అక్కడ పెద్ద కబేళా కట్టిన్రు, 1975 దాకా నడిచింది. పశువులు కోసే కూలీలకు కూలిలో కొంత పైసలకు బదులు బోటి, తోక, నాలుక ఇచ్చేవాళ్లు. మంచి మాంసం నాలుగు వాటాలై ఉన్నోళ్లకు పోతే, మిగిలినదాన్ని 'అయిదో వాటా' అన్నరు. ఆ పక్కనే 1887లో మొదలైన కెక్కీనో అనే హోటల్. ఆ ఇంటి ఆడబిడ్డ ఫెర్మీనియా ఆ తోకను టమాట, వైన్, సెలరీ కాడలు వేసి గంటల తరబడి ఉడికించి కూర చేసిందని రోమ్‌లో చెప్పుకుంటరు. 'కోదా అల్లా వాచ్చినారా' దాని పేరు. పశువులు కోసేవాళ్ల తోకకూర అని అర్థం. కూలీల పేరును వాళ్లు దాచుకోలేదు, కూరకే పెట్టుకున్నరు. ఇవాళ డబ్బున్న టూరిస్టులు దాన్ని వెతుక్కుంటూ పోయి తింటున్నరు.

అదే తోక, అదే బోటి మన గిన్నెలో ఉంటే మాత్రం వాసన! 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు హాస్టల్ మెనూలో పెద్దకూర కావాలని పండుగ చేస్తే కొట్లాటలయినయి.

పొలెంటా అని ఇంకోటుంది. మక్కపిండి కలియబెట్టి ఉడికించేది, మన మక్కగట్క లాంటిదే. ఉత్తర ఇటలీ రైతుకూలీలు గతిలేక అదొక్కటే తిని, పెల్లాగ్రా రోగంతో ఒళ్లు పుళ్లయి, మతి చెడి చచ్చిపోయినరు. మన హైదరాబాదు దిక్కు జొన్నలే తిని బతికే పేదల్లో అదే రోగం గురించి డాక్టర్ సి.గోపాలన్ 1960ల్లో పరిశోధన చేసిండు. స్టార్ హోటల్ మెనూలో ఈ చరిత్ర ఉండదు, రేటు ఉంటది.

పని కష్టమే. రిసోట్టో అన్నం వండాలంటే పొయ్యి కాడ నిలబడి, వేడి సూపు కొంచెం కొంచెం పోస్తూ కలపాలె. పాస్తా లోపల కొద్దిగా పలుకు ఉండంగనే దించాలె. ఇవి మన తల్లుల చేతులకు తెలిసిన లెక్కలే.

అయితే హోటల్ వంటగదికీ మెట్లున్నయి. కమీ, షెఫ్ ద పార్టీ, సూ షెఫ్, ఆపైన ఎగ్జిక్యూటివ్ షెఫ్. అన్నిటికన్న కింద గిన్నెలు కడిగే చోటు. మేము మొదట చెప్పిన పిల్లగాడిని ఒక హోటల్‌వాళ్లు వంటకనే తీసుకున్నరు. ఏ బస్తీ అని అడిగి రెండేళ్లు గిన్నెల కాడ నిలబెట్టిన్రు. వాడు దూరం నుంచి సాసులు చూసి నేర్చుకున్నడు. ఈ ఏకలవ్యుడి చదువు ఇంకెన్నాళ్లు?

వంటకు కులం లేదంటరు. తినేవాడికి ఉన్నది గదా! మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ముందు అవకాశం ఇయ్యాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత తల్లి వండిన అన్నాన్ని అగ్రకులాల పిల్లలు ముట్టలేదు.

అందుకే దొడ్డిదారిన కాదు, ముందు తలుపు నుంచే పోదాం. విద్యానగర్‌లో సర్కారు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. ఎస్సీలకు 15 శాతం సీట్లు. ఇంటర్ పాసై, అందులో ఇంగ్లీషు ఉంటే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయొచ్చు. ఆడపిల్లలు కూడా రావాలె. ఇంట్లో వంట ఆడవాళ్లదట, హోటల్లో షెఫ్ మాత్రం మొగోడట!

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే కూసుంటం. ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్ పట్టుకొని రండి. ఫారం మేమే నింపుతం.