దాటేశాక తెలిసిన కొండ

పోయిన వారం ఒక మిత్రుడు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో లైను మారుతూ ఫోన్ చేశాడు. "కొండలూ జలపాతాలూ చూసి కవులు పరవశించారంటావు. ఈ తోపులాటలో మాకెక్కడ దొరుకుతుందయ్యా ఆ అనుభూతి?" అన్నాడు. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఇంగ్లీషువాళ్లు 'సబ్లైమ్' అన్నదాన్ని మనం 'ఉదాత్తం' అంటున్నాం. ఇదీ అందమూ ఒకటి కాదు. 1757లో ఎడ్మండ్ బర్క్ ఈ రెంటినీ విడదీసి చెప్పాడు. అందం హాయినిస్తుంది. ఉదాత్తం ముందు భయపెడుతుంది. అయితే ఆ భయం కాస్త దూరంగా ఉండాలి. మీద పడితే అది వట్టి ప్రమాదమే. మన రసాల లెక్కలో చెప్పాలంటే, అద్భుతమూ భయానకమూ కలిసే చోటు అన్నమాట.

గీత పదకొండో అధ్యాయం గుర్తు తెచ్చుకోండి. విశ్వరూపం చూడాలని అడిగింది అర్జునుడే. చూశాక వణికిపోయి, పాత రూపంలోనే కనిపించమని వేడుకున్నదీ అర్జునుడే.

ఇక వర్డ్స్‌వర్త్ సంగతి. 1790లో, ఇరవయ్యేళ్ల వయసులో, స్నేహితుడితో కలిసి కాలినడకన ఆల్ప్స్ దాటబోయాడు. సింప్లాన్ కనుమ దగ్గర దారి తప్పారు. శిఖరం ఇంకా పైన ఉందనుకుంటున్నారు. ఎదురైన ఒక పల్లెటూరి మనిషిని అడిగితే తేలిందేమిటి? వాళ్లు అప్పటికే ఆల్ప్స్ దాటేశారు! ఉసూరుమన్నారు. చాలా ఏళ్ల తర్వాత 'ప్రెల్యూడ్' కావ్యంలో ఆ నిరాశను రాస్తూ రాస్తూ, తను వెతికిన అనంతం కొండలో కాదు, మనసులోనే ఉందని గుర్తుపట్టాడు.

మన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. 1920లో వైద్యం కోసం రైల్లో బళ్లారి వెళ్తూ చూసిన ప్రకృతే దానికి ప్రేరణ అని చెబుతారు. చూడండి, తపోవనం కాదు, రైలుపెట్టె!

నా సంగతి ఒకటి చెప్తాను. రెండేళ్ల కిందట పంజాగుట్ట శ్మశానవాటికలో మా మాస్టారిని సాగనంపాం. నాకు ఇంగ్లీషు కవిత్వం చెప్పినాయన. 'సబ్లైమ్' మీద ఆయన చెప్పిన నోట్సు బట్టీపట్టి పరీక్ష రాసినవాణ్ణి నేను. గోడవతల హారన్లు మోగుతూనే ఉన్నాయి. మంట లేచింది. భయమేసింది, ఏడుపొచ్చింది. ఆ తర్వాత కాసేపు నా పేరు, నా ఉద్యోగం, నా గొడవలు ఏవీ లేవు. చాలా పెద్దదాని ముందు నిలబడ్డట్టుంది. అయినా చిన్నబోయినట్టు మాత్రం లేదు. ఆ క్షణంలో మాస్టారి పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో తట్టింది, ఆయన ఏళ్లతరబడి చెప్పింది ఇదేనని. అప్పటికి నేనూ కొండ దాటేశాను.

కాబట్టి మిత్రుడా, అమీర్‌పేటలో అది వెతికితే దొరకదు. ఆల్ప్స్‌లోనూ దొరకలేదు కదా! 'నేను' అనే బరువు జారిపోయిన చోట అదే వస్తుంది. వచ్చి వెళ్లాక అయినా గుర్తుపట్టగలిగితే చాలు. కవిత్వం మనకు నేర్పేది ఆ గుర్తుపట్టడమే.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.