కిటికీ పట్టీ నేర్పిన పాఠం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాం. తీర్పు సంగతి పెద్దలు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "నలుగురికీ పనికొచ్చే ఇంటి విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. హక్కుగా వచ్చిన ఆ సొమ్మును ఇంటి మీద నేను ఎలా పారబోసుకున్నానో చెబుతాను. మీకు ఆ తిప్పలు తప్పితే చాలు.

ముప్పై ఏళ్ళకు పైగా క్వార్టర్లలోనూ అద్దె ఇళ్ళలోనూ కాపురం చేశాం. రిటైరయ్యాక గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ముతో రామచంద్రపురంలో ఇల్లు కట్టుకున్నాం. ఆ తరువాత మా అబ్బాయి దగ్గరకు అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నాం. అక్కడ ప్రతి కిటికీకీ లోపలివైపు చుట్టూ పటం కట్టినట్టు చెక్క పట్టీ ఉంటుంది. మా ఆవిడకు అది బాగా నచ్చింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. పగలంతా ముందుగదిలో కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "మన కిటికీకి కూడా ఇలా పెట్టిస్తారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఇంటికోసం ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

తిరిగి రాగానే వడ్రంగిని పిలిచాను. ఆయన పేరు చెప్పను, తొందరపెట్టిన తప్పు నాదే. శ్రావణమాసం, మంచి వానలు. వరలక్ష్మీ వ్రతానికల్లా కావాలన్నాను. రెండు రోజుల్లో పట్టీ కొట్టి, వార్నీషు వేసి వెళ్ళాడు. పేరంటానికి వచ్చినవారందరూ మెచ్చుకున్నారు.

వైశాఖం వచ్చేసరికి నాలుగు మూలలూ లోపలివైపు విచ్చుకున్నాయి. మళ్ళీ వానలు పట్టాక ఒకనాడు మా ఆవిడ పట్టీని గుడ్డతో తుడుస్తూంటే వేలు లోపలికి దిగబడిపోయింది. పైన వార్నీషు నిగనిగలాడుతూనే ఉంది, లోపలంతా చెద. పట్టీ ఊడదీస్తే చట్రం కింది కమ్మీ కూడా సగం పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

అప్పుడు ద్రాక్షారామం వైపు నుంచి ఒక ముసలి వడ్రంగిని తీసుకొచ్చారు. ఆయన రంపం పెట్టె విప్పనేలేదు. గోడ తడిమి చూసి, బయటికి వెళ్ళి సన్‌షేడు కింద చూసి వచ్చి, "ఆయ్, పట్టీ కొడతానండి బాబుగారూ. కానీ ముందు ఈ సందు ఎందుకొచ్చిందో చూద్దారండి. అది తెలీకుండా మూసేస్తే రోగం లోపలే ఉండిపోద్దండి" అన్నాడు. నేను ఇంజనీరును కాను, జీవితమంతా ఫైళ్ళు చూసినవాణ్ణి. పాడైన ఫైలుకు కొత్త అట్ట వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మాట చటుక్కున తలకెక్కింది.

అమెరికాలో చాలా ఇళ్ళకు కర్ర చట్రం కట్టి, లోపల జిప్సం పలకలు బిగిస్తారు. కిటికీకీ గోడకూ మధ్య కావాలనే కొంచెం ఖాళీ వదులుతారు. దాన్ని ఊరికే వదలకుండా కప్పడానికే ఆ పట్టీ. మనది ఇటుక గోడ. చట్రాన్ని గోడలో నిలిపి ప్లాస్టరు దాని అంచు దాకా తెస్తారు. మనకు ఖాళీ అనేది వదిలింది కాదు, వచ్చింది. వచ్చిందంటే కారణం ఉండాలి.

ఆయన మూడు కారణాలు చెప్పాడు. మొదటిది, చెక్క ఎండి కుదించుకోవడం. చట్రం పొడవునా వెంట్రుక వాసిలో సమానంగా ఉండే సందు అదే. దానికి భయం లేదు. రెండోది, నేల కదలడం. మన డెల్టా బంకమట్టి వేసవిలో బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. అటువంటప్పుడు కిటికీ మూల నుంచి గోడ మీదికి ఏటవాలుగా పగులు పోతుంది. ఆ పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి, ఒక వేసవి, ఒక వానాకాలం చూడాలి. గీత దాటి పెరుగుతోందంటే పిలవవలసింది వడ్రంగిని కాదు, ఇంజనీరును. మూడోది నీరు, చెద. గోడ మీద మచ్చ, సన్నని మట్టి దారి, తట్టితే డొల్ల చప్పుడు — ఈ మూడింటిలో ఏది కనిపించినా పట్టీ మాట మరిచిపోవాలి.

మాది మూడో రకం. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కిటికీ సందుల్లోంచి నీళ్ళు చిమ్మిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఈదురుగాలికి వాన నిలువుగా కాదు, అడ్డంగా కొడుతుంది. మా సన్‌షేడు అడుగున నీరు తెగిపడడానికి గాడి లేదు. బయటి గట్టు వాలు లోపలివైపుకు ఉంది. నీరు చట్రం కిందికి చేరింది, ఆ తడికి చెద వచ్చింది. కనుక ముందు బయట గాడి, వాలు సరిచేయించాం. తెలిసినవారి చేత చెదలమందు కొట్టించాం. కింది కమ్మీ మార్చాం. గోడ ఆరేదాకా ఆగి, సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టాం.

ఇక పట్టీ సంగతి. మా కిటికీ 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు. చుట్టుకొలత 14 అడుగులు కదా అని 14 అడుగుల చెక్క తెస్తే చాలదు. పట్టీ వెడల్పు రెండున్నర అంగుళాలు. మూలలు ఏటవాలుగా కోయాలి కనుక ఒక్కో ముక్క 5 అంగుళాలు ఎక్కువ పడుతుంది. మొత్తం 15 అడుగుల 8 అంగుళాలు. తరుగుతో కలిపి 18 అడుగులు తేవాలి. పాత ఎండు టేకు అయితే మేలు. వానాకాలపు పచ్చి చెక్క ఎండాక వెడల్పులో తగ్గుతుంది, పొడవులో తగ్గదు. అందుకే మూల లోపలివైపు విచ్చుకుంటుంది. మాకు జరిగింది అదే.

కోసేముందు చట్రాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవాలి. రెండు కొలతలూ ఒకటే అయితే మూలలు సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే 45 డిగ్రీలని గుడ్డిగా కోయకుండా, ఏ మూలకు ఆ మూల సరిచూసి కోయాలి. పట్టీని చట్రం అంచుతో సమానంగా పెట్టకుండా ఒక నూలు వెనక్కి జరిపితే చిన్న వంకరలు కంటికి ఆనవు. వెనకవైపు కూడా ప్రైమరు వేసి ఆరనివ్వాలి. లేకపోతే ఒకవైపే తేమ పీల్చి వంగుతుంది. మేకులు చట్రానికే కొట్టాలి, గోడకు కాదు. "గోడకీ చెక్కకీ పడదండి. ఇద్దరికీ కలిపి ముడేస్తే ఎవరో ఒకరు విరుగుతారండి" అన్నాడాయన. రంగు వేసిన గది కనుక అంచున కాగితపు టేపు అంటిస్తే గోడ పాడు కాలేదు.

ఈ రోజుల్లో ఎండీఎఫ్ పట్టీలు చౌకగా వస్తున్నాయి. చూడ్డానికి బాగుంటాయి గాని తడిస్తే ఉబ్బుతాయి. మన వానలకు కిటికీ దగ్గర అవి పనికిరావు.

రెండోసారి ఖర్చు మొదటిదానికి రెండింతలైంది. ఆ సొమ్ము మా ఇద్దరి మందుల డబ్బు. మన వయసులో ఇంట్లో అందం కోరుకోవడం తప్పు కాదు. ఆవిడ అడిగినది న్యాయమైన కోరిక. నేనే ముందు అడగవలసిన ప్రశ్న అడగకుండా కప్పించాను. కనుక మీరు పట్టీ కొట్టించే ముందు ఒక్క రోజు గోడ తట్టి చూడండి, ఒక్క వానాకాలం ఆగండి.

ఇప్పుడు మా కిటికీ బాగుంది. అయినా వాన వచ్చినప్పుడల్లా మా ఆవిడ కూర్చున్న చోటినుంచే పట్టీ కింద గోడ తడిమి చూస్తుంది. ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. పట్టీ మీదో, నా మీదో నేను అడగలేదు.