నీటిలెక్క – పిల్లల చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి రాజనీతిని ప్రశ్నల రూపముననే బోధించెను. రాజ్యమున చెఱువులు నిండియున్నవా, సేద్యము వాననే నమ్ముకొనియున్నదా యనుట అందొక ప్రశ్న. ప్రశ్న వినినవాడు సమాధానము వెదకుకొనక తప్పదు. సమస్యను ముందుంచి చదువు చెప్పు ఈ మార్గమునే 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయము వైద్యవిద్యలో ప్రవేశపెట్టెను. పిల్లలకు నీటి యెద్దడిని బోధించుటకును ఇదియే తగినది.

సామర్లకోట పిల్లలకు నీటి యెద్దడి యేమని కొందఱు నవ్వవచ్చును. 1833 నాటి కరవు ఈ సీమను పీడించినది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టా రూపును మార్చినది. అయినను వేసవిలో కాలువలు కట్టివేసినపుడు, ముందుగా నింపుకొన్న చెఱువే అనేక గ్రామములకు త్రాగునీటి దిక్కు. గోదావరి చెంతనే యున్నను బిందె నిండకపోవుట డెల్టావాసుల యెద్దడి.

ఉపాధ్యాయుడు బల్లపై ఇట్లు వ్రాయవలెను: చెఱువు 2 ఎకరములు, నీటిలోతు 2 మీటర్లు, జనము 2,000, మనిషికి దినమునకు 55 లీటర్లు. (ఈ కొలత 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ ప్రమాణము.) కాలువ కట్టిన తరువాత ఈ నీరెన్ని దినములు వచ్చును? చెఱువు గట్లు నిటారుగా నున్నవనుకొన్నచో, నీరు సుమారు 1 కోటి 62 లక్షల లీటర్లు. పిల్లలు భాగించి 147 దినములని సంతోషింతురు.

అప్పుడు ఉపాధ్యాయుడు మెచ్చుకొని ఊరకుండరాదు. "ఎండ త్రాగు నీరెంత?" అని యడుగవలెను. దినమునకు అర సెంటీమీటరు ఆవిరియైనచో 40 వేల లీటర్లు పోవును. 147 దినములు 107 అగును. "అడుగున అరమీటరు పూడిక యున్నచో?" 80 దినములే మిగులును. పశువులు త్రాగునది, నేలలోనికి ఇంకునది ఇంకను లెక్కకు రాలేదు.

తరువాత పెద్దల తోడుతో గట్టునకు పోయి, గుర్తులు పెట్టిన కఱ్ఱతో నిజమైన నీటిమట్టమును వారము వారము వ్రాసికొనవలెను. నీరు తఱిగిననాడు ఏ యింట ఎవరు దూరమునుండి బిందె మోయుచున్నారో, అందుకై ఏ బాలిక బడి మానుచున్నదో కూడ వ్రాయవలెను. ఆ వరుస లేని లెక్క అసంపూర్ణము.

2000 తరువాతి దశకమున అనంతపురము మొదలగు కరవుజిల్లాల రైతులు వానను, బావుల మట్టమును తామే కొలిచి, ఆ లెక్కను బట్టి పంటలు నిర్ణయించుకొనిరి. రైతు పొలమున చేసిన లెక్క పిల్లలు బడిలో చేయలేరా?

పిల్లలు వ్రాసిన పుస్తకమును ఏటేట గ్రంథాలయమున భారతము ప్రక్కన భద్రపఱుపవలెను. కాలువ కట్టుటకు ముందే పెద్దలు దానిని చదివి పూడిక తీయించవలెను. పిల్లలు సరిగా లెక్కగట్టినను పెద్దలు కదలకున్నచో, ఆ పాఠమున తప్పినవారు పిల్లలు కారు.