చెరువు కట్టపై సైకిలు బాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



సరస్సు చుట్టును సైకిలుపై తిరిగివచ్చుట అనేక దేశములలో ప్రజలకు ప్రియమైన విహారము. అందును అగ్నిపర్వతముల గర్భమున ఏర్పడిన సరస్సులన్నచో యాత్రికులకు మక్కువ మెండు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున క్రేటర్ లేక్ అను సరస్సు కలదు. సుమారు 7,700 సంవత్సరముల క్రిందట మజామా అను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని శిఖరము లోనికి కూలిపోయినది. అట్లేర్పడిన గుంటలో వాననీరును, మంచు కరగిన నీరును నిండి ఆ సరస్సు పుట్టినది. దాని లోతు 594 మీటర్లు. దాని గట్టు వెంబడి సుమారు 53 కిలోమీటర్ల రోడ్డు కలదు. న్యూజిలాండులోని టౌపో సరస్సును అగ్నిపర్వతము వలన కలిగినదే. ఆ సరస్సు చుట్టు 160 కిలోమీటర్ల సైకిలు యాత్ర 1977వ సంవత్సరమున మొదలై ప్రసిద్ధికెక్కినది. అచ్చటి యాత్రికుడు నీటిని ఒక ప్రక్కనే ఉంచుకొని త్రొక్కుచు, బయలుదేరిన చోటికే తిరిగి చేరును.

ఇట్టి యాత్ర వరంగల్లు సీమలో సాధ్యమగునా అని యువకులకు సందేహము కలుగవచ్చును. సాధ్యమే, కాని దాని తీరు వేరు. ఆ తీరు ఏల వేరైనదో తెలిసికొన్నచో ఈ సీమ చెరువుల చరిత్రయంతయు తెలియును.

వరంగల్లున అగ్నిపర్వతము లేదు. ఓరుగల్లు అను పేరే ఒంటి రాతిని సూచించును. భూగర్భమున కరగి, పైకి ఉబికి, చల్లారి గట్టిపడిన డోలరైటు అను నల్లరాయి మాత్రము ఈ ప్రాంతపు శిల్పులకు లభించినది. రామప్ప దేవాలయమున అద్దమువలె నునుపుదేరిన శిల్పములు ఆ రాతిలో చెక్కినవే. రాతిని భూమిలోని అగ్ని ఇచ్చినది గాని, సరస్సులను ఇచ్చినది మనుష్యుల గంపయు పారయు. కాకతీయుల కాలమున, ముఖ్యముగా 1199 నుండి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలమున, గుట్టలకు నడుమనున్న సందులను మట్టికట్టలతో మూసి వాగులను నిలిపిరి. కనుక ఇచ్చటి చెరువునకు ఒకవైపు మనుష్యుడు కట్టిన కట్ట, తక్కిన మూడు వైపుల గుట్టలు, అడవి, పొలములు ఉండును. కట్టపై పోవుటకు బాట ఉండును, వెనుకవైపున ఉండదు. అందువలన వరంగల్లు సైకిలు యాత్రికుడు ఒక సరస్సును చుట్టిరాడు. ఒక చెరువు కట్టనుండి మరియొక చెరువు కట్టకు పోవును.

మొదటి బాట నగరములోనిదే. వరంగల్లు కోటనుండి బయలుదేరి భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు చూచుకొని, కాజీపేట దాటి ధర్మసాగరము చేరవచ్చును. ఇది ఒక ఉదయమున పోయిరాదగిన దూరము. క్రొత్తగా అభ్యసించువారికి అనువైనది. భద్రకాళి కట్టపై ఆగినవారు ఒక విషయము జ్ఞప్తియందుంచుకొనవలెను. 2023 జూలై వరదలలో ఈ చెరువు కట్టకు గండి పడినది. 2024 నవంబరులో నీటిని వదలి, పూడిక తీయుటకు పూనుకొనిరి. శతాబ్దముల నాటి చెరువునకును ప్రతి తరమున మరమ్మతు తప్పదు.

రెండవ బాట పాకాలకు. వరంగల్లునుండి నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. సాధారణమైన సైకిలుపై గంటకు 12 కిలోమీటర్ల చొప్పున త్రొక్కువారికి నాలుగు గంటలకు పైగా పట్టును. నర్సంపేటలో ఫలహారము ముగించుకొని పోవుట మేలు. పాకాల చెరువును గణపతిదేవుని కాలమున జగదాల ముమ్మడి కట్టించెనని శాసనము వలన తెలియుచున్నది. రెండు మెట్టలను కలుపుచు పోవు ఆ కట్టపై నిలిచిన వానికి ఒకవైపు నీరును దాని వెనుక అడవియు, మరియొకవైపు తూములనుండి సాగు కాలువలును పచ్చని ఆయకట్టును కనబడును. 1952లో ఈ అడవి వన్యమృగ సంరక్షణ కేంద్రమైనది. నీటిలో మొసళ్ళు ఉండును గనుక ఎంత చెమట పట్టినను చెరువులో దిగి ఈదుట తగదు.

మూడవ బాట దీర్ఘమైనది. పాకాలనుండి నర్సంపేటకు మరలివచ్చి, మల్లంపల్లి మీదుగా ములుగు చేరవచ్చును. ఈ దారిలో ఒక విశేషము కలదు. పాకాల నీరు మున్నేటిలో కలిసి కృష్ణకు పోవును. ములుగునకు ఆవలనున్న రామప్ప, లక్నవరముల నీరు గోదావరికి పోవును. అనగా ఈ దారిని పోవువాడు రెండు మహానదుల పరీవాహములకు నడిమి గట్టును దాటుచున్నాడన్నమాట. మోటారులో పోవువానికి ఇది తెలియదు. సైకిలు దిగి, ప్రతి వంతెనపైన ఒక నిమిషము ఆగి, వాగు ఏ దిక్కునకు పారుచున్నదో చూచుకొనువానికి తెలియును.

హనుమకొండనుండి నేరుగా ములుగునకు పోవు జాతీయ రహదారియు కలదు. ఆత్మకూరు దాటిన పిదప కటాక్షపురము చెరువు రోడ్డు ప్రక్కనే కనబడును. భారీ వర్షములకు అది మత్తడి పోసినపుడు నీరు రోడ్డుపైకి వచ్చును. అట్టి వేళ సైకిలుతో దాటుటకు సాహసింపరాదు. ములుగు ముంగిట గట్టమ్మ గుడి కలదు. మేడారము పోవువారు ముందుగా ఆ తల్లికి మ్రొక్కుదురు. రెండేండ్లకొకసారి మాఘమాసమున సమ్మక్క సారలమ్మ జాతర జరుగు దినములలో ఈ దారి బండ్లతో నిండియుండును గనుక సైకిలు యాత్రకు ఆ సమయము పనికిరాదు.

ములుగు దాటి జంగాలపల్లి వద్ద ప్రక్కదారి పట్టి వెంకటాపురము మీదుగా పాలంపేట చేరినచో రామప్ప గుడి, దానికి చేరువలో రామప్ప చెరువు కలవు. హనుమకొండనుండి ఇది సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ దేవాలయమును నిర్మింపజేసెను. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడి గోపురమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. గుడిని చూచి మరలిపోవువారు పలువురు. చెరువు కట్టవరకు పోవువారు కొందరే. కాని గుడి, చెరువు, ఊరు అను మూడింటిని కాకతీయులు ఒక్క సంకల్పముగా కట్టిరి. చెరువు చూడనివాడు ఆ సంకల్పములో మూడవవంతు చూడలేదనియే చెప్పవలెను.

తిరిగి రహదారికి వచ్చి చల్వాయి వద్ద ప్రక్కదారి పట్టినచో లక్నవరము చేరవచ్చును. ఇచ్చట పెద్ద కట్ట కనబడదు. గుట్టలే గోడలుగా నిలువగా, వాటి నడుమనున్న మూడు ఇరుకు సందులను మాత్రము చిన్న కట్టలతో మూసిరి. కొంచెపు శ్రమతో అంత నీటిని నిలిపిన ఆ స్థలనిర్ణయము పనివారి తెలివికి తార్కాణము. వేల్పులు తీర్చిన అగ్నిపర్వత సరస్సువలెనే అది కనులకు తోచును. కాని ఆ మూడు కట్టలలో ఏ ఒక్కటి తెగినను సరస్సు మిగులదు.

యాత్రకు పోవువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. కార్తీకమునుండి మాఘమువరకు చల్లని కాలము. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదురకమునుపే గమ్యము చేరవలెను. గాలిపంపు, పంక్చరు సామాను, త్రాగునీరు వెంట నుండవలెను. ములుగు రహదారిపై లారీల రాకపోకలు ఎక్కువ. వరుసకొక్కరుగా, ఎడమ అంచున పోవలెను. ప్రొద్దుగ్రుంకిన పిదప అడవి దారిలో ఉండరాదు. ఇద్దరికి తక్కువగా ఎన్నడును పోరాదు.

ఇంతకును ఈ యాత్రవలన ప్రయోజనమేమి? ఆరోగ్యము, ఉల్లాసము కలుగుననుట నిజమే. అంతకు మించినది ఒకటి కలదు. అగ్నిపర్వతపు గట్టును కాపాడుటకు ఊరివారు గంప ఎత్తనక్కరలేదు. మనుష్యుడు కట్టిన చెరువు అట్లు కాదు. కట్ట, తూము, మత్తడి గట్టిగా నుండవలెను. వాననీటిని తెచ్చు కాలువలు తెరపిగా నుండవలెను. చెరువు శిఖము భూమి ఆక్రమణకు లోనుగాక యుండవలెను. వీటిలో ఏది చెడినను, కొరత యేట పొలము ఎండును. వరద యేట ఊరు మునుగును. 2023 జూలైలో, రామప్ప గుడి యున్న వెంకటాపురము మండలములోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. తెలంగాణములో ఒక దినమున అంతటి వర్షము అంతకుముందు నమోదు కాలేదు. అదే వరదలలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము నీట మునిగినది. అట్టి వాన మరల వచ్చునపుడు మత్తడికి అడ్డుగా పెరిగిన ముండ్లపొదయు, మూసుకొనిపోయిన కాలువయు ఊరికి శత్రువులగును.

పూర్వము నీరటికాడు ప్రతిదినము కట్టపై నడచి ఈ లోపములను కనిపెట్టుచుండెడివాడు. నేడు చాల గ్రామములలో ఆ వాడుక సన్నగిల్లినది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ వలన అనేక చెరువులలో పూడిక తీసిరి. కాని పూడిక ఒకసారి తీసినంతమాత్రమున కాపలా తీరదు. నడకకు దూరమైన కాలువలను, మోటారునకు అందని గట్లను చూచుటకు సైకిలును మించిన వాహనము లేదు. అది మెల్లగా పోవును; ఎక్కడనైనను ఆగును; గట్టు ఇరుకైనచో దిగి నడిపించుకొని పోవచ్చును.

కావున గ్రామ యువకులు, విద్యార్థినీ విద్యార్థులు దూరపు చెరువులకు పోకమునుపు తమ ఊరి చెరువుతో ప్రారంభించుట యుక్తము. ఏటా మృగశిర కార్తె ముందు ఒకసారి, మత్తడి పోసి నీరు తగ్గిన పిదప మరియొకసారి, పెద్దలను వెంటబెట్టుకొని కట్ట ఈ కొననుండి ఆ కొనవరకు, అచ్చటినుండి కాలువ వెంబడి పోగలిగినంత దూరము పోయిరావలెను. కట్ట ఎచ్చట క్రుంగినది, తూము ఎచ్చట కారుచున్నది, కాలువ ఎచ్చట పూడినది అను వివరములను తేదీతో గ్రంథాలయమునందలి ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. పంచాయతీకి గాని, నీటిపారుదల అధికారులకు గాని అర్జీ పెట్టవలసి వచ్చినపుడు, ఏండ్ల తరబడి తేదీలతో వ్రాసిన ఆ పుస్తకమునకు మించిన సాక్ష్యము ఉండదు.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము స్థాపించిన పెద్దలు చదువు అందని ప్రజలకు పుస్తకమును అందించిరి. గ్రామ గ్రంథాలయములు ఆ బాటనే నడచుచున్నవి. చదివిన పుస్తకములకు తోడు ఊరు తానై వ్రాసికొన్న పుస్తకము ఒకటి బీరువాలో చేరుట గ్రంథాలయమునకు శోభ. ఈ రజతోత్సవ వత్సరమున దాని మొదటి పుట వ్రాయబడుగాక. స్వర్ణోత్సవము నాటికి ఆ పుస్తకము నిండియుండుగాక, చెరువును నిండియుండుగాక.