పేరు రాయని పద్దు



75 సంవత్సరాల పాఠశాల చరిత్ర చెప్పేటప్పుడు భవనాలను, ఉత్తీర్ణతా శాతాలను లెక్కిస్తాము. వాటిని గురించి పెద్దలు చెప్పనే చెప్పారు. ఏ లెక్కలోనూ చేరని ఒక సంపదను గురించి, మా అమ్మగారిని తలచుకుంటూ, నాలుగు మాటలు మనవి చేస్తాను.

త్యాగరాయనగరులో మా తాతగారు కట్టించిన చిన్న పెంకుటింట్లో మేముండేవాళ్లం. నాన్నగారిది గుమాస్తా జీతం. 1970వ దశకం చివరినాటికి తెలుగు చిత్రపరిశ్రమ కొంచెం కొంచెంగా హైదరాబాదుకు తరలిపోతున్నది. కోడంబాకం, వడపళని స్టూడియోలలో రోజుకూలికి పనిచేసే కుటుంబాలు మా వీధిలో కొన్ని ఉండేవి. షూటింగు లేకపోతే వారి పొయ్యి వెలిగేది కాదు. అయినా చేయి చాచే మనుషులు కారు.

అటువంటి ఒక ఇంటి ఇల్లాలికి అమ్మ అప్పడాలు ఒత్తే పని అప్పగించింది. "నాకు తీరిక చిక్కడం లేదమ్మా, నువ్వే చేసిపెట్టాలి" అని చెప్పి, కూలి కింద బియ్యం కొలిచి ఇచ్చేది. వారం తిరగకుండానే నన్ను వారింటికి కాఫీపొడి బదులు తెమ్మని పంపింది. మా డబ్బా నిండుగానే ఉన్నది. ఎందుకమ్మా అని అడిగితే, "ఎప్పుడూ పుచ్చుకునే చేయి కిందనే ఉంటుందే. అప్పుడప్పుడు దాన్ని పైన ఉండనివ్వాలి" అన్నది.

1983లో చెన్నపట్టణమంతా నీటికి అల్లాడింది. కృష్ణాజలాల ఒప్పందం ఆ సంవత్సరమే కుదిరినా, ఆ నీరు పూండి జలాశయం చేరేసరికి 1996 వచ్చింది. మా పెరటి బావిలో మాత్రం కొద్దిగా ఊట ఉండేది. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే పెరటి తలుపు గడియ తీసి ఉంచేది. ఎవరూ తలుపు తట్టి అడగనక్కరలేదు. ఇంటికి రెండు బిందెలని నియమం. మా రెండు బిందెలు అందరి తరువాత.

అమ్మ ఇంటి ఖర్చుల పద్దు రాసేది. పాలు, కూరలు, అద్దకం చీర, అన్నిటికీ వివరం ఉండేది. ఇతరులకిచ్చినది మాత్రం "చిల్లర" అని రాసేది. ఏ పుటలోనూ పుచ్చుకున్నవారి పేరు లేదు. నాన్నగారికి అంతా తెలుసు. ఒక్కనాడూ అడగలేదు.

ఈ పేటకు పేరైన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారు. వారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. అందరితోపాటు ఒకే పంక్తిలో కూర్చున్న బిడ్డ తాను పేదనని తలవంచుకోడు. మా అమ్మకు ఈ చరిత్ర తెలియదు. కాని ఆమె అప్పడాల పిండిలోనూ, తీసి ఉంచిన గడియలోనూ ఉన్నది ఆ పంక్తి మర్యాదే.

నేడు మన బడికి వచ్చేవారిలో దినకూలీల బిడ్డలు అనేకులు. వారికి పుస్తకాలు, దుస్తులు ఇవ్వడానికి పూర్వ విద్యార్థులు ముందుకు వచ్చారు. వారికి కృతజ్ఞతలు. అయితే ఒక్క విన్నపం. పిల్లలను వేదికమీదికి పిలిచి, పేరు చదివి, నోటు పుస్తకాలు చేతికిచ్చి ఫొటో తీయించుకునే పద్ధతి వద్దు. పన్నెండేళ్ల పిల్లకు ఆ చప్పట్లు ఎంత బరువో ఉపాధ్యాయులందరికీ తెలుసు. తరగతి ఉపాధ్యాయుల ద్వారా, మిగిలిన పుస్తకాలతోపాటే, అవి ఆ బిడ్డ సంచిలోకి చేరనివ్వండి. దాతల పేర్లు ఈ సంచికలో అచ్చవుతాయి. పుచ్చుకున్న బిడ్డల పేర్లు ఎక్కడా ఉండవు.

ఆ బిడ్డలు రేపు మీ వలెనే ఈ సభకు పూర్వ విద్యార్థులుగా తలయెత్తుకొని రావాలని ఆశిస్తున్నాను.