వంత పాడే తరగతి
(గిడుగు స్మారకోపన్యాసం)



గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరిట సభ అంటే తెలుగు గురించే మాట్లాడతారని మీరు ఎదురుచూస్తారు. నేను మన బడుల్లో ఇంగ్లీషు పాఠం గురించి మాట్లాడతాను. కారణం ఉంది. వ్యావహారిక భాషోద్యమానికి చాలా ముందే పంతులుగారు తనది కాని భాష నేర్చుకుని, ఆ భాషలో పిల్లలకు చదువు చెప్పారు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారాయన. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట ఆయన్ను పట్టుకుంది అక్కడే. వాళ్ల భాష నేర్చుకోవడానికి చేతికందే వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఉన్నది సవర మాట్లాడే మనిషే. ఆ మనిషిని ఇంటికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నారు. మాటలు, పాటలు, కథలు రాసుకున్నారు. ఏళ్లకేళ్లు పట్టింది. ఆ తర్వాత సవరలో వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. వరస చూడండి. వినడం ముందు, పాటా కథా దాని వెంట, వ్యాకరణం ఎప్పటికో. మన ఇంగ్లీషు తరగతిలో ఈ వరస తిరగబడింది. కాలాలూ కర్మణి వాక్యాలూ అయ్యాక, తీరిక ఉంటే కథ. ఆ తీరిక పరీక్షల ముందు ఏ బడికీ దొరకదు.

అయితే పద్యం అప్పజెప్పించినంత మాత్రాన సాహిత్యంతో భాష నేర్పినట్టు కాదు. ఈ మాట మనకు చెప్పినవాడు గిడుగువారి సహాధ్యాయి గురజాడే. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నట్టు నటించే ఘట్టం మీకు తెలుసు. గిరీశం చుక్క మీది పిల్లల పాట ముక్క చదివితే, వెంకటేశం పాఠంలో బట్టీపట్టిన వాక్యమొకటి చదువుతాడు. ఇంట్లోవాళ్లు సంభాషణ అనుకుంటారు. మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి రాసిన ఘట్టమది. నవ్వుకుని వదిలేశాం గాని, ఉపాధ్యాయ శిక్షణలో మొదటి పాఠంగా పెట్టదగ్గది. వెంకటేశం నోట పాఠం ఉంది, ఆ పాఠంలో వెంకటేశం లేడు.

ఇందుకు పూర్తిగా ఎదురు ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పిన అజ్జాడ మనిషి. ఉమర్ ఖయ్యాం రుబాయీల పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ తెచ్చారు. పరభాషా కవిత్వాన్ని తన నోటికి, తన తాళానికి లొంగదీసుకున్నారు. కళాకారుడు భాషని పట్టే తీరు అది.

తరగతిలో ఆ పని ఎలా చెయ్యాలో మన జానపద కళ జముకుల కథ చూపిస్తుంది. అందులో కథకుడి పక్కన వంత పాడేవాళ్లుంటారు. చివరి మాట అందుకుంటారు, తిరిగి పలుకుతారు, కథను ముందుకు తోస్తారు. ఇంగ్లీషు తరగతికి ఇంతకంటే మంచి అమరిక నాకు కనబడలేదు. హెమింగ్వే రాసిన ముసలి జాలరి కథ తీసుకోండి. 84 రోజులు చేప పడని మనిషి కథ. సముద్రం ఒడ్డున భావనపాడులోనో కళింగపట్నంలోనో ఎనిమిదో తరగతిలో ఉపాధ్యాయురాలు దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెబుతుంది. తరగతి వంత పాడుతుంది. ‘తరవాతేటి?’ అని పిల్లలు ఇంగ్లీషులో అడుగుతారు. తాడు జారితే అరచెయ్యి ఎలా చీరుకుపోతుందో ఆ తరగతిలో చాలామందికి తెలుసు, టీచరుకంటే బాగా తెలుసు. చెప్పడానికి మాట కావాలి. ఆ మాట కావలసిన క్షణంలో అందిస్తే బల్లమీద రాసిన జాబితా అక్కర్లేదు. మర్నాడు అదే కథ ఆడిస్తే ఒకడు ముసలాయన, ఒకతె చేప. భూతకాల క్రియలు అప్పుడు చెప్పండి, పట్టుకుంటారు.

ఇక సీతంపేట కొండల్లో సవర పిల్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు అచ్చువేసిన పుస్తకం ఆ పిల్లకి రెండు వైపులా పరాయిదే. అక్కడ మొదలు సవర కథతోనే కావాలి. ముందు సవరలో ఆడిన కథనే తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో ఆడించాలి. కథ తెలిసిన పిల్లకి కొత్త భాషంటే భయం సగం తగ్గుతుంది.

ఈ పద్ధతికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రెండు పనులు కావాలి. పరీక్షలో నోటి ఇంగ్లీషుకి, ఆడి చూపినదానికి మార్కులుండాలి. లేకపోతే ఏ ప్రధానోపాధ్యాయుడూ పీరియడ్ ఇవ్వడు, ఆయన్ని తప్పుపట్టలేం. రెండోది, వమరవల్లి డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందేవాళ్ల ముందు ఏటా కొన్నాళ్లు జముకుల కథ, తప్పెటగుళ్ల కళాకారుల్ని గౌరవ వేతనమిచ్చి గురువులుగా కూర్చోబెట్టాలి.